మెషిన్‌కి పెట్టిన బొట్టు

వంచిన చేతిలాంటి మెషిన్ హిమజ ఎడమ డొక్క మీద వెలుగు జల్లుతోంది. గోడవారన నిలబడ్డ తల్లి అప్పలనరసమ్మకి కూతురి ఊపిరి తప్ప ఇంకేమీ వినబడటం లేదు.

విజయనగరంలో అప్పటికి సూది పరీక్షలు పోయాయి. ఆ వెలుగే చర్మంలోకీ, ఎడమ డొక్కలో ఉండే ప్లీహంలోకీ, ఎముక మూలుగలోకీ పోయి, మూడుచోట్లా చూసింది కలుపుకుని జబ్బు పేరు చెబుతుంది. ఎముకలో దీపం పెట్టి చూడటమే కదా, ఎంత వింత!

"చర్మంలో కామెర్ల పచ్చదనం. ప్లీహం ఉబ్బి, ఎర్ర కణాలను నమిలేస్తోంది. ప్లీహం తీసేయాలి," అంది మెషిన్.

డాక్టర్ శర్వాణి వెంటనే ఆపరేషన్ థియేటర్‌కి కబురు పెట్టింది.

"పచ్చదనమేటి డాక్టరమ్మా? నా పిల్ల కళ్లు పాలలా తెల్లగా ఉంటేను!"

"మన కంటికి ఆననిది కూడా దానికి ఆనుతుందమ్మా."

"అయితే మీ చెయ్యోసారి పెట్టండి, చూద్దాం."

శర్వాణి నవ్వుతూ పెట్టింది.

"చర్మంలో పచ్చదనం," అంది మెషిన్.

"మరి మీకూ కోసేస్తారా?"

శర్వాణి నవ్వు ఆగిపోయింది. మెషిన్ కంటి అద్దాన్ని దూదితో తుడిచింది. దూది పసుపుపచ్చగా వచ్చింది.

అప్పలనరసమ్మ ఆ దూది చూసి ముందుకొచ్చింది.

"నేనేనమ్మా... పొద్దున్న ఎవరూ లేనప్పుడు... కొత్త బండికి పెట్టినట్టు పసుపు రాసి బొట్టు పెట్టాను. ఆ అద్దం దాని నుదురనుకున్నాను. నర్సు వస్తుంటే కొంగుతో తుడిచేశాను. నా పిల్లని చల్లగా చూస్తుందని..."

"థియేటర్ ఆపమనండి!" అని కేకేసింది శర్వాణి.

హిమజ చేతి మీది గోధుమరంగు మచ్చని బొటనవేలితో గట్టిగా రుద్దింది. చూస్తుండగానే అది చీమ కుట్టినట్టు ఎర్రగా పొంగింది. మెషిన్ మళ్లీ వెలిగింది.

"పచ్చదనం లేదు. మూలుగలో మాస్ట్ కణాల గుంపులు. మాస్టోసైటోసిస్."

"ఇందాక కూడా ఆ గుంపులు దానికి కనబడే ఉంటాయి. పసుపు చూసి వాటిని పక్కన పెట్టేసింది," అంది శర్వాణి. "దురద పుట్టించే కణాలమ్మా అవి. ఈ జబ్బని తెలియకుండా మత్తిచ్చి కోసుంటే, బల్ల మీదే బీపీ పడిపోయి..."

అప్పలనరసమ్మ వెళ్లి కూతుర్ని గట్టిగా పొదివి పట్టుకుంది.

హిమజ మందులతో తేరుకుంది. నెలలు పోయాక తల్లీ కూతుళ్లు పరీక్షకి వచ్చేసరికి, శర్వాణి మెషిన్ వెనకవైపు శ్రద్ధగా పసుపు రాస్తోంది.

"ఏటిది డాక్టరమ్మా, మీరు కూడానా?"

"ఏం చెయ్యను? వద్దని బోర్డు పెడితే రోగులు దొంగచాటుగా అద్దానికే పెడుతున్నారు. అందుకని రోజూ పొద్దున్నే నేనే పూజ చేసేస్తున్నాను." కుంకుమ భరిణె ముందుకు చాపింది. "రండి, బొట్టు మీరు పెట్టండి."

అప్పలనరసమ్మ రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది.