నిండు బండి నడక

కరీంనగర్‌లో డిటెక్టివ్ లక్ష్మీకాంతరావు ఇంటి గడప తొక్కేసరికే శంకరవ్వ ఊహలో కొడుకు చేతులకు బేడీలు పడ్డాయి, జైలు తలుపు మూసుకుంది కూడా.

"నా కొడుకు దేవదాస్ నస్పూర్ బొగ్గుబాయిల బండ్లు నింపి తోస్తడు దొరా. నిండు బండిని లెక్కలు రాసే దశరథం మున్షీ మీదికి తోసి కాలిరగ్గొట్టిండంటున్రు. పోలీసోళ్లకు అప్పజెప్తరట. మున్షీ సచ్చిపోతే ఎట్ల?"

"కాలిరిగినోడు సావడవ్వా," అన్నాడాయన. ఆ నిబ్బరం విన్న సహాయకుడు ప్రేమ్‌సాగర్, కేసు తేలినట్టేనని చెప్పులు వేసుకున్నాడు.

నస్పూర్‌లో మంచం మీద దశరథం మండిపడ్డాడు. "బండి గాలి లెక్క వచ్చింది, తప్పుకోనియ్యలే. దానికి దేవదాస్ టోకెనే ఉన్నది."

బొగ్గు నింపినవాడి రేకు టోకెన్ బండికి తగిలించడం అక్కడి రివాజు. టోకెన్ ఎవరిదైతే బండి వాడిదే అంటారు.

"తోసుడు నేను జూసిన," అన్నాడు బాలమల్లు. వాలు పట్టాల మీద బండ్లను తాడు కొక్కేనికి తగిలించే మనిషి. "సాపు జాగల, వాలు లేనికాడ, ఒక్క తోపు తోసిండు."

"చేతికి ఆ గుడ్డేంది?" అడిగాడు లక్ష్మీకాంతరావు.

"పొయ్యికాడ కాలింది."

మర్నాడు లక్ష్మీకాంతరావు అందరినీ చదును పట్టాల దగ్గరికి పిలిపించాడు. దశరథాన్ని మంచంతో సహా మోసుకొచ్చారు. దేవదాస్ ఖాళీ బండిని బలమంతా పెట్టి తోశాడు. అది సెకనుకు మీటరు చొప్పున కదిలింది.

"ఇప్పుడు నిండుది."

బండి ఎగిరి ఎవరి మీద పడుతుందోనని శంకరవ్వ కళ్లు మూసుకుంది.

"ఇంక గట్టిగ తొయ్యిరా, అన్నం తినలేదా?" దశరథం గొంతు. కళ్లు తెరిస్తే బండి పెండ్లిపిల్లలా నడుస్తోంది.

"ఖాళీ బండి మూడు వందల కిలోలు," అన్నాడు లక్ష్మీకాంతరావు. "సెకనుకు మీటరు పోయిందంటే ఆ తోపు ఇచ్చిన ద్రవ్యవేగం మూడు వందలు. అదే తోపు నిండు బండికిచ్చేదీ అంతే, కాని దాని బరువు పన్నెండు వందల కిలోలు. ద్రవ్యవేగాన్ని బరువుతోటి భాగిస్తే వేగం. సెకనుకు పావు మీటరు. మున్షీ బీడీ ముట్టించుకొని తప్పుకోవచ్చు. మరి గాలి లెక్క ఎట్ల వచ్చింది? వాలు మీదికెళ్లి కిందికి జారింది. టోకెన్ నింపినోని పేరు చెప్తది గని, బండి ఎవరి చేతులకెళ్లి జారిందో చెప్పదు. వాలు మీద బండి బాలమల్లు తాడుది. బాలమల్లూ, గుడ్డ విప్పు."

అరచేతిలో తాడు ఒరుసుకుపోయిన చారలు.

"కొక్కెం సరిగ పడలే," బాలమల్లు కూలబడ్డాడు. "పట్టుకుందామని చూసిన, ఆగలే. నౌకరి పోతదని దేవదాస్ పేరు చెప్పిన."

శంకరవ్వ కొడుకు భుజం తడిమి చూసుకుంది. తర్వాత బాలమల్లు దగ్గర కూర్చుని గుడ్డ అందుకుంది.

"పసుపు పెట్టలేదేంది బిడ్డా? చీము పడితే చెయ్యి తీసేస్తరు. దొరా, గీ పిలగాన్ని జైల్లేస్తరా? వీనికీ అవ్వ ఉంటది గదా."