కొంటా రూటు

“మీ లైను తగిలించిన పోర్ట్ పనిచేస్తూనే ఉందండీ. నా స్క్రీన్ మీద పచ్చగా కనిపిస్తోంది,” అంది ఉమామహేశ్వరి ఫోన్‌లో.

“మీ స్క్రీన్ పచ్చగుంటే నాకేంది మేడమ్? ఇక్కడ ఒక్క పేజీ తెరుస్తలేదు. జనం నన్ను తిడుతున్రు.”

ఉమ జగదల్‌పూర్‌లోని ఓ ఇంటర్నెట్ కంపెనీలో కొత్తగా చేరింది. ఊళ్లకు లైన్లిచ్చే స్విచ్ పెట్టెలు సరిగ్గా పనిచేస్తున్నాయా లేదా అని కంప్యూటర్లో చూస్తూ ఉండటం ఆమె పని. అవతల మాట్లాడుతున్న ఆయతు కొంటాలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాడు.

“అయితే కేబుల్ వదులైందేమో చూడండి.”

“చూసిన.”

“సరిగ్గా చూడండి.”

“మీరే వచ్చి చూడున్రి. ఇక్కడ ఏసీ ఉండదు, గంతే.”

ఉమకు ఒళ్లు మండింది. మర్నాడు తొలి బస్సెక్కింది. దారి పొడుగునా అతణ్ణి ఊహించుకుంది. బొజ్జ, బట్టతల, చెవిలో పెన్ను.

కొంటాలో వాన పడుతోంది. సెంటర్ ముందు రేకుల కింద జనం వరసగా నిలబడి ఉన్నారు. ఉమ నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లింది.

“వెనక నిలవడున్రి. ఎవ్వలకైనా ఒక్కటే లైను,” అన్నాడు లోపలి కుర్రాడు తలెత్తకుండానే.

అదే గొంతు. బొజ్జ లేదు. వానకు తడిసిన ఒత్తైన జుట్టు నుదుటి మీద పడుతోంది. ఉమ వెళ్లి వరసలో నిలబడింది.

ముందున్న అమ్మాయి సర్టిఫికెట్ల కవరు గుండెకు హత్తుకుని ఉంది. పేరు పూనం, ఊరు ఎర్రబోరు. నర్సింగ్ కాలేజీకి దరఖాస్తు పంపడానికి ఇవాళే ఆఖరు. “ఇయ్యాల పోకుంటే ఏడాది పోతది అక్కా,” అంది.

“ఉండు పూనం,” అన్నాడు ఆయతు. “ఆ జగదల్‌పూర్ పెద్దమ్మకు మళ్ల చేస్త.”

ఫోన్ వరసలోనే మోగింది. ఆయతు తలెత్తాడు. ఉమ అతన్నే చూస్తూ ఫోన్ ఎత్తింది.

“చెప్పండి. పెద్దమ్మనే మాట్లాడుతున్నా.”

వరసంతా నవ్వింది. ఆయతు చెవులు ఎర్రబడ్డాయి.

ఉమ లోపలికి వెళ్లి లాప్‌టాప్‌ను స్విచ్‌కి కలిపింది. పోర్టులన్నీ పచ్చగానే ఉన్నాయి. ఈసారి రూట్ల పేజీ తెరిచింది. బయటికి వెళ్లే రూటు అందులో లేదు.

“కేబుల్ బాగానే ఉంది. ఏ దారిన బయటికి పోవాలో స్విచ్‌కి తెలియట్లేదు. నిన్న ఈ స్విచ్‌ని ఆపి మళ్లీ వేశారా?”

“నెట్ స్లో ఉందని ఆపి, మళ్ల వేసిన.”

ఉమకు విషయం అర్థమైంది. నేరం అతని మీదికి నెట్టేయడం తేలికే. కానీ పూనం అక్కడే నిలబడి ఉంది.

“తప్పు నాది,” అంది. “నెల కింద ఆ దారి పెట్టింది నేనే. సేవ్ చేయడం మర్చిపోయాను, అందుకే ఆపగానే చెరిగిపోయింది. నిన్నేమో పోర్ట్ ఒక్కటే చూసి మిమ్మల్ని అన్నాను.”

“నేను ఆపకుంటే పోయేది కాదు గద. సగం నాది,” అన్నాడు ఆయతు నెమ్మదిగా.

ఆమె రూటు పెట్టి సేవ్ చేసింది. పూనం దరఖాస్తు వెళ్లిపోయింది. ఆయతు వానలో తడుస్తూ పోయి ఉమకు టీ తెచ్చాడు.

ఆ తర్వాత కొంటా లైను ఒక్కసారి కూడా పోలేదు. ఆయతు ఫోన్ మాత్రం రోజూ వచ్చేది.

“రూటు ఉందా మేడమ్?”

“ఉంది.”

“మంచిగ చూడున్రి.”

“చూశాను, ఉంది.”

“తిన్నరా మరి?”

ఒకరోజు వేరే మాట అడిగాడు. “శబరి ఏరు నిండుగ పారతంది. ఆదివారం వస్తరా?”

“ఆఫీసు పనా?”

“కాదు.”

“అయితే వస్తాను.”

ఏటి ఒడ్డున ఇద్దరికీ ఒకటే గొడుగు. అతని ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది.

“మీ గొంతు వినకుంటే నాకు పొద్దు పోతలేదు,” అన్నాడు ఆయతు. “మేం దొర్లోళ్లం, ఆదివాసులం. మీ ఇంట్ల ఒప్పుకుంటరో లేదో. చెప్పకుండ మాత్రం ఉండలేకపోయిన.”

ఉమ గొడుగును అతని వైపు జరిపింది. “నీ ఫోన్ వచ్చేదాకా నేను అన్నానికి లేవట్లేదు. నాన్నతో నేను మాట్లాడతాను.”

ఆమె తండ్రి అప్పారావు బచేలీ ఇనుప గనిలో డంపర్ లారీ నడుపుతాడు. కూతురు చెప్పింది విని రెండు రోజులు ఆలోచించాడు. మూడోనాడు, “ఆ ఇల్లు చూడాలి, పద,” అన్నాడు.

కొంటాలో ఆయతు తల్లి భీమే చేపల పులుసు చేసింది. అప్పారావు పీట మీద కూర్చుని నేరుగా ఆయతునే అడిగాడు. “మా పిల్ల ఉద్యోగం మానదు. రేపు రాయపూర్‌కి బదిలీ వేస్తే ఏం చేస్తావు?”

“నేనూ పోత. సెంటర్ అక్కడన్నా పెట్టుకోవచ్చు.”

అప్పారావు పులుసు కలుపుకున్నాడు. తల వంచుకుని తింటున్నాడు. ఉమ గుమ్మం దగ్గరే నిలబడి చూస్తోంది.

“ఇంకో ముక్క ఎయ్యనా అన్నా?” అంది భీమే.

అప్పారావు తలెత్తి నవ్వాడు.

“అన్నా అన్నావు కదా చెల్లెమ్మా. అన్న కూతురు నీ ఇంటికి రాక ఇంకెవరింటికి పోతుంది?”

భీమే గరిటె గిన్నెలో పెట్టింది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది.

“అయితే పిల్ల నన్ను అత్తా అని పిలవాలె.”

ఉమ ఆయతు వైపు చూసింది. అతను కళ్లు తుడుచుకుంటున్నాడు.

“అత్తా,” అంది ఉమ. “నాకూ ఆకలేస్తోంది.”