వెనక సీట్లో నెటీ

పొద్దున్నే రన్‌వే మీద దుప్పి నిలబడి ఉంది. వంటింటి కిటికీలోంచి దాన్ని చూసిన హాల్వర్ ఒక గిన్నె, గరిటె పట్టుకుని చప్పుడు చేసి తరమడానికి బయటికి నడిచాడు. నెటీ పెనం మీద అట్టు తిరగేస్తూ, ఆ గిన్నెకి సొట్ట పడితే నీ టోపీలోనే కూర వండిపెడతానని వెనకనుంచి కేకేసింది. కేక పూర్తికాకముందే దగ్గు అందుకుంది. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, దగ్గు తెరిపినిచ్చాక మళ్ళీ లేచింది.

రన్‌వే అనేది పెద్ద మాట. పెరటి గుమ్మం దగ్గర్నుంచి ఏటి ఒడ్డు దాకా చెట్లు కొట్టి, రాళ్ళేరి, చదును చేసిన గులకనేల అది. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాం కలిసి చేసుకున్నారు. అలాస్కాలో మా ఏటి వెంబడి రోడ్లు లేవు. పిండైనా, మందులైనా, పెళ్ళికూతురైనా ఆకాశంలోంచి దిగాల్సిందే. అందుకే ఇక్కడ ఇంటికో చిన్న విమానం ఉంటుంది. హాల్వర్‌ది గుడ్డ చుట్టిన రెక్కలు, లావుపాటి చక్రాలు ఉన్న పాత పసుప్పచ్చ విమానం. ముందొక సీటు, దాని వెనకే ఇంకో సీటు. గట్టిగా ఎదురుగాలి ఉంటే నాలుగు గెంతులేసి నేల వదిలేస్తుంది. దాన్ని అతను కడిగినంత శ్రద్ధగా తన మొహం ఎప్పుడూ కడుక్కోలేదని నెటీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

కూతురు మారిట్ ముందురోజే తన విమానంలో వచ్చింది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉంటూ పల్లెలకి ఉత్తరాలు, సరుకులు చేరవేసే విమానం నడుపుతుంది. ఈసారి ఊరికే చూసిపోవడానికి రాలేదు. తల్లి ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, బాగయ్యే జబ్బు కాదని, వెచ్చగా ఉంచి తక్కువ మాట్లాడించమని డాక్టరు చెప్పాడు. మంచు పడకముందే తల్లిని టౌన్‌కి తీసుకుపోవాలని నిశ్చయించుకుని వచ్చింది. ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక అట్లు తింటూ వాతావరణం గురించి మాట్లాడింది.

తినడం అయ్యాక హాల్వర్, ఏటి దిగువన ఉన్న దుకాణానికి వెళ్ళి కిరసనాయిలు తేవాలన్నాడు. అలా అన్నాడో లేదో నెటీ కోటు తొడుక్కోవడం మొదలుపెట్టింది. నాన్నతో తాను వెళ్ళొస్తానంది మారిట్. హాల్వర్ తల అడ్డంగా ఊపాడు.

"మీ అమ్మ రావాలి."

"కిరసనాయిలు డబ్బాకి కూడా అమ్మెందుకు నాన్నా?"

నెటీ గబుక్కున కల్పించుకుంది. "ఈ ముసలాడికి దుకాణంలో కాలు పెట్టగానే బుర్ర పనిచెయ్యదే. పోయినసారి దీపాలకి నూనె తెమ్మంటే చేపల గేలాలు తెచ్చాడు. వాటిని వెలిగించమంటావా?"

ముగ్గురూ నవ్వారు. హాల్వర్ అలవాటు ప్రకారం రన్‌వే ఈ కొసనుంచి ఆ కొసకి నడిచి, అడ్డంగా పడ్డ కొమ్మలేవీ లేవని చూసుకుని వచ్చాడు. నెటీని రెండు చేతులా ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. వాళ్ళు ఏరు దాటి కనుమరుగయ్యాక మారిట్ ఎంగిలి పళ్ళేలు కడుగుతూ ఆలోచించింది. ఇంత జబ్బుమనిషిని ప్రతి చిన్న పనికీ ఆ చలిగాలిలోకి ఈడ్చుకుపోవడం ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. వేటకి వెళ్ళినా, టపా తేవడానికి వెళ్ళినా వెనక సీట్లో అమ్మ ఉండాల్సిందే. ముసలితనంలో మనుషులకి ఇంత స్వార్థం పుట్టుకొస్తుందా అనుకుంది, అనుకున్నందుకు బాధపడింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి మారిట్, గాలి ఎటు వీస్తోందో చూపే గాలిగుడ్డ కట్టిన స్తంభం దగ్గర నిలబడి ఉంది. విమానం ఏటి మీంచి కిందికి వాలుతూ ఆమె ముందునుంచే వెళ్ళింది. పక్క అద్దంలోంచి తల్లి మొహం స్పష్టంగా కనపడింది. నోరు పెద్దగా తెరుస్తోంది, మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది. గాలి అందక కొట్టుకుంటోందనుకుంది మారిట్. చక్రాలు మాత్రం నిద్రపోతున్న బిడ్డని పక్కమీద పడుకోబెట్టినంత మెత్తగా నేలని తాకాయి.

ఆమె పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి నెటీ పెదాలు నీలంగా ఉన్నాయి. గొంతు పూర్తిగా పోయింది. ఏం కాలేదన్నట్టు చెయ్యి మాత్రం ఊపింది. మారిట్ ఆమెని లోపలికి తీసుకెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, కంబళి కప్పి, డబ్బా పట్టుకుని లోపలికొస్తున్న తండ్రికి ఎదురు నిలబడింది.

"అమ్మని నాతో తీసుకెళ్తున్నాను. మంచు కరిగాక దింపుతాను."

హాల్వర్ డబ్బా కింద పెట్టాడు. "ఆవిణ్ణి అడిగావా?"

"నిన్ను అడుగుతున్నాను. నువ్వు సరేనంటే అమ్మ వస్తుంది."

అతను వంగి డబ్బా మూత బిగించాడు. తర్వాత, "ఆమె లేకపోతే నాకిక్కడ కుదరదు మారిట్" అన్నాడు.

"ఏం కుదరదు? అట్లు పోసుకోవడం నేను నేర్పిస్తాలే. నీకు పక్కన మనిషి కావాలి, ఆవిడకి ఊపిరి కావాలి. ఏది ముఖ్యమో నీకు తెలీదా? నువ్వు అమ్మని చంపుకు తింటున్నావు నాన్నా."

హాల్వర్ ఏదో చెప్పబోయి నెటీ వంక చూశాడు. నెటీ వద్దన్నట్టు తల ఊపింది. తర్వాత కూతుర్ని దగ్గరికి పిలిచి, నన్ను బల్లో కుర్చీయో అనుకుని పంచుకుంటున్నారా, నేనెక్కడికీ రాను, ఇదే నా ఇల్లు అని గుసగుసగా చెప్పింది. నాన్నతో అన్న మాట వెనక్కి తీసుకోమంది. మారిట్ తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం కట్టింది. ఎవరైనా ఇంటి మీంచి వెళ్ళేటప్పుడు విమానం రెక్కలు అటూ ఇటూ ఊపి పోవడం మావాళ్ళ ఆనవాయితీ. వెళ్ళొస్తాననడం అది. కింద గాలిగుడ్డ దగ్గర ముసలివాళ్ళిద్దరూ తలలెత్తి నిలబడ్డారు. మారిట్ వాళ్ళని చూసింది. చూసి, రెక్కలు ఊపకుండా తిన్నగా వెళ్ళిపోయింది.

నెటీ ఫిబ్రవరిలో పోయింది. పొయ్యి పక్కన కుర్చీలో, మోకాళ్ళ మీద సగం అల్లిన మేజోడుతో పోయింది. అప్పటిదాకా ఫోన్‌లో తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ ఆ రోజు సంగతి తల్లి ఎత్తలేదు, కూతురు ఎత్తలేకపోయింది. పొరుగింటి వెర్న్ శవాన్ని తన విమానంలో టౌన్‌కి తెచ్చాడు. హాల్వర్ కూడా అందులోనే వచ్చాడు. పసుప్పచ్చ విమానం ఉండగా పెళ్ళాన్ని వేరేవాళ్ళ విమానంలో సాగనంపాడేమిటని జనం చెవులు కొరుక్కున్నారు. ఆఖరికి ఆ ఒక్క ప్రయాణమైనా తను చెయ్యలేకపోయాడా అని మారిట్ కూడా అనుకుంది. అంత్యక్రియల దగ్గర తండ్రి పక్కన నిలబడింది గానీ అతని చెయ్యి పట్టుకోలేదు.

నెటీ కోరిక ఒకటుంది. తన బూడిదని మన విమానంలోంచే, మన ఏటి మలుపు మీద చల్లాలని ఎప్పుడో చెప్పి ఉంచింది. మార్చిలో మారిట్ ఆ బూడిద ఉన్న పెట్టె పట్టుకుని వెర్న్ విమానంలో వచ్చి దిగింది.

దిగీ దిగగానే ఒక వింత గమనించింది. రన్‌వే మీద మంచు చక్కగా అదిమి ఉంది. పాత మంచం చట్రాన్ని మంచుబండికి కట్టి లాగి, తండ్రి రోజూ చదును చేస్తున్నట్టున్నాడు. రెండు పక్కలా అంచులు తెలిసేలా స్ప్రూస్ చెట్ల కొమ్మలు వరసగా గుచ్చి ఉన్నాయి. విమానానికి చక్రాల బదులు మంచు మీద జారే స్కీలు తొడిగి ఉన్నాయి, రెక్కల మీద మంచు తుడిచి ఉంది. కానీ రన్‌వే మీద దాని స్కీల జాడ ఒక్కటీ లేదు. ఎగరనివాడికి రన్‌వే ఎందుకో ఆమెకి తోచలేదు.

హాల్వర్ చిక్కిపోయాడు. పెట్టె అందుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. విమానం నువ్వు నడుపు, నేను వెనక కూర్చుంటానన్నాడు. మారిట్ ఒప్పుకోలేదు.

"నీ విమానం, నీ భార్య. ఈసారైనా నువ్వే తీసుకెళ్ళు."

అతను రన్‌వే చివరిదాకా నడిచి, తిరిగొచ్చి, ముందు సీట్లో కూర్చున్నాడు. మారిట్ పెట్టెతో వెనక, అమ్మ సీట్లో కూర్చుంది. విమానం ఎప్పటిలాగే నాలుగు గెంతుల్లో లేచింది. ఏటి మలుపు దగ్గర హాల్వర్ వేగం తగ్గించాడు. మారిట్ అద్దం తెరిచి పెట్టె వంచింది. బూడిద గాలిలో కలిసిపోయింది. అతను మలుపు మీద ఒకసారి చుట్టి, రెక్కలు నెమ్మదిగా అటూ ఇటూ ఊపాడు. ఆ ఊపులో మారిట్‌కి ఆ రోజు తాను ఊపని రెక్కలు గుర్తొచ్చాయి. ఖాళీ పెట్టె గుండెకి హత్తుకుని ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి మబ్బు కమ్మింది. నేలా ఆకాశమూ ఒకే తెలుపు. హాల్వర్ ఏటి మీంచి వాలాడు. నేల తాకేముందు కాస్త ఎత్తాల్సిన విమానం ముక్కుని, నేల ఇంకా చాలా కిందుండగానే ఎత్తేశాడు. విమానం వణికింది. గబుక్కున ఇంజిను పెంచి మళ్ళీ పైకి లేపాడు. రెండోసారి అసలు ఎత్తనే లేదు. మంచు మీదికి దూసుకొస్తుంటే మారిట్ అరిచింది. ఆ అరుపుకి అతను లాగాడు. పైకి వెళ్ళాక ఇంజిను హోరు మీంచి, ఏమైంది నాన్నా అని అడిగింది. అతను వెనక్కి తిరగలేదు.

"నేల కనపడుతుంది. ఎంత దగ్గరుందో తెలీదు."

కొన్నేళ్ళ కిందట కట్టెలు కొట్టేటప్పుడు పేడు ఎగిరి కుడికన్ను పోయిందని, రెండోది కూడా మసకబారిందని ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"మరి ఇన్నాళ్ళూ ఎలా దించావు?"

"నేనెక్కడ దించాను? మీ అమ్మ దించేది. కప్పు, బల్ల, పీట, పళ్ళెం. వెనకనుంచి అరిచి చెప్పేది. కప్పంటే ఇంటికప్పు ఎత్తు. పళ్ళెమంటే ఇక వదిలెయ్యమని."

మారిట్‌కి ఒక్కసారిగా అంతా కళ్ళ ముందుకొచ్చింది. అద్దంలో తెరుచుకుని మూసుకున్న అమ్మ నోరు. ప్రతి ప్రయాణం తర్వాత పోయిన గొంతు. మాట్లాడితే ఊపిరి చాలని మనిషి, ఉన్న ఆ కాస్త ఊపిరినీ ఈ హోరు మీద అరవడానికి దాచుకుంది. పెళ్ళాం శవాన్ని అతను మరొకరి విమానంలో ఎందుకు పంపాడో కూడా అప్పుడే అర్థమైంది. ఆమె లేకుండా అతను లేవగలడు గానీ దిగలేడు.

వెనక సీటు ముందు కూడా ఒక నడిపే కర్ర ఉంటుంది. దాన్ని పట్టుకుంటే మారిట్ క్షణంలో దించెయ్యగలదు. చెయ్యి దానికి దగ్గరగానే ఉంచుకుంది. పట్టుకోలేదు. రెండో చెయ్యి తండ్రి భుజం మీద వేసింది. అక్కడ కోటు గుడ్డ అరిగి నున్నగా ఉంది.

"వెళ్ళు నాన్నా, నేను చెప్తాను."

ఏరు దాటింది. స్ప్రూస్ కొమ్మలు పక్కలకి వచ్చాయి. "కప్పు" అని అరిచింది. విమానం ఒద్దికగా వాలింది. "బల్ల." అతని భుజం వదులైంది. "పీట." ఆఖరి మాటకి ఆమెకి అరుపు రాలేదు. భుజాన్ని మాత్రం నొక్కింది. స్కీలు మంచు మీద చప్పుడు లేకుండా ఆనాయి.

"వడ్డించాను నెటీ" అన్నాడు హాల్వర్.

ఇన్నేళ్ళూ అలాగే బదులిచ్చేవాడేమో. మారిట్ అతన్ని సరిదిద్దలేదు. ఇంజిను ఆగాక ఇద్దరూ లోపలే కూర్చుండిపోయారు.

"నువ్వన్నది నిజమే" అన్నాడతను. "ఆమె ఊపిరి నేనే వాడేశాను. విమానం అమ్మేసి టౌన్‌కి పోదామని బతిమాలాను. మంచం మీద దాచుకున్న ఊపిరి నాకెందుకు ముసలాడా, నాకు నా ఇల్లు కావాలి అంది. నీకు తెలిస్తే ఆపేస్తావని చెప్పనివ్వలేదు."

"తెలిస్తే ఆపేదాన్నే" అంది మారిట్. అది అబద్ధం కాదు. ఆపి ఉంటే అమ్మ ఇంకో ఏడాది బతికేదేమో, ఆ ఏడాదంతా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ బతికేది. ఏది మేలో ఆమెకి ఇప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే, తండ్రిని అన్న మాట తప్పు. అది వెనక్కి తీసుకోమన్న మనిషి ఇక లేదు.

"నాన్నా, ఆ రోజు నేను రెక్కలు ఊపలేదు."

"చూశాం."

"అమ్మ ఏమంది?"

హాల్వర్ చేతి తొడుగుతో ముక్కు తుడుచుకున్నాడు. "పాపం, కళ్ళు తుడుచుకుంటోంది, చెయ్యి ఖాళీ లేదు అంది."

మారిట్ తండ్రి వీపు మీద నుదురు ఆనించి, చాలాసేపు వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఆమె చేతిని భుజం మీదనుంచి కదలనివ్వలేదు. వెర్న్ వచ్చి అద్దం తట్టబోయి, చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

ఏడుపు ఆగాక హాల్వర్ గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో పిండి అయిపోయింది. రేపు నువ్వు ముందు కూర్చో. నేను వెనకనుంచి చెప్తాను."

"నాకు కనిపిస్తుంది నాన్నా."

"తెలుసు" అన్నాడు. "అయినా చెప్తాను."