సీటు ఖాళీ చేయండి

వాన పట్టుకునేసరికి షెడ్డులో ఒక్క కారే మిగిలింది. సాయంత్రమే, కానీ మబ్బుకి చీకటి ముందే దిగిపోయింది. మేస్త్రీ రెయిన్‌కోటు తొడుక్కుంటూ మెకానిక్ దగ్గర ఆగాడు.

"ఇది కానిచ్చి తాళం వేసెయ్. కారు తెచ్చిన మందుల షాపాయన నోరెత్తడు గానీ, ఆయన తల్లి నన్ను ఇందాకట్నుంచీ దులిపేస్తోంది. నీకూ కాసిని తిట్లు దాచిపెట్టింది, పోయి తీసుకో."

"మీకు పెట్టగా మిగిలినవేగా మేస్త్రీ, సరిపెట్టుకుంటాలే."

మేస్త్రీ నవ్వుకుంటూ వానలోకి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళుగా షెడ్డుకి ఒకే కంపెనీ కార్లు వస్తున్నాయి. లోపం సరిచేయడానికి కంపెనీ ఎట్టకేలకు వాటిని వెనక్కి పిలిచింది. డ్రైవరు పక్క సీట్లో మనిషి ఉన్నదీ లేనిదీ ఎయిర్‌బ్యాగుకి చెప్పేది దిండు కింద పరిచిన పల్చటి సెన్సర్. మనిషి ఉన్నాడని అది చెబితేనే, కారు గుద్దుకున్నప్పుడు ఆ పక్క ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుంది. అందుకని సెన్సర్ బిగించాక, సీటు ఖాళీగా ఉంచి, ఖాళీ అంటే ఇదీ అని దానికి ఒకసారి నేర్పాలి. షెడ్డు భాషలో 'జీరో కొట్టడం'. అప్పుడు సీటు మీద గుడ్డపీలిక కూడా ఉండకూడదు.

ఫ్యాక్టరీలో ఆ మాత్రం ఓపిక లేకపోయింది. ఎన్ని కార్లు బయటికి తోలితే అంత లాభం. సీట్ల మీద పనిముట్ల పెట్టెలు ఉండగానే జీరో కొట్టి పంపేశారు. ఆ పెట్టెల బరువే ఖాళీ అని కార్లు నేర్చుకున్నాయి. ఇక బక్కపలచటి మనుషులు కూర్చుంటే ఎవరూ కూర్చోనట్టే. బక్కవాళ్ళు లెక్కలోకి రాకపోవడం లోకానికి కొత్త కాదు. యంత్రానికి కూడా ఆ విద్య నేర్పారు, అంతే తేడా.

మెకానిక్ భార్యని అందరూ పిట్ట అనేవాళ్ళు. క్లినిక్కులో ఎప్పుడు బరువు చూసినా నలభై మూడు. "నేనెక్కితే ముల్లుకి కూడా బద్ధకమే బావా, కాస్త కదిలి పడుకుంటుంది" అని నవ్వేది. కిందటేడు ఎదురుగా వచ్చిన లారీని వాళ్ళ కారు గుద్దినప్పుడు అతని ముందు ఎయిర్‌బ్యాగు తెరుచుకుంది. పిట్ట ముందు తెరుచుకోలేదు. తర్వాత కంపెనీ మనిషి వచ్చి, కారు గుర్తుపెట్టుకున్నదంతా బయటికి లాగి, ఒకే ఒక్క ముక్క చెప్పాడు. "ప్రమాదం జరిగినప్పుడు పక్క సీట్లో ఎవరూ లేరు."

ఎవరూ లేరట! ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీద కూర్చున్నవాడితో అన్నాడు ఆ మాట.

ఇంకా ఆ కంపెనీ కార్లే బాగుచేస్తూ ఎలా బతుకుతున్నావని జనం అడిగేవాళ్ళు. అతను ఒక్కో కారుకీ కొత్త సెన్సర్ బిగించేవాడు. జీరో కొట్టేవాడు. చివర్న సీటు మీద అరచెయ్యి ఆనించి, కారుకి తగిలించిన స్కానర్ తెర మీద బరువు అంకె కదిలేదాకా చూసేవాడు. అంకె కదిలితే ఎవరో ఒకళ్ళు బతికినట్టు.

ఈ కారు రంగు ఎరుపు. తలుపు తీసేసరికి మడత బందుల దగ్గర కింద నుంచి తెల్లరంగు కనిపించింది. ఇలాంటివి మామూలే, పట్టించుకోలేదు. గ్లవ్ బాక్సు వైపు వంగాడు. నల్ల మరల మధ్య ఒక్కటే ఇత్తడి మర.

అది అతను బిగించిందే.

తుక్కు కింద పోయిందనుకున్న తన తెల్ల కారుకే ఎవరో అతుకులు వేసి, రంగు పూసి, మళ్ళీ రోడ్డెక్కించారు. పాపం మందుల షాపాయన చవగ్గా వచ్చిందని కొనుక్కున్నాడు.

స్పానర్ కింద పెట్టేసి వెళ్ళిపోదామనుకున్నాడు. అద్దం అవతల వెయిటింగ్ గదిలో షాపాయన తల్లి, ఆ ముసలమ్మ కనిపించింది. గుప్పెడు మనిషి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందడం లేదు. రేపట్నుంచి ఈ సీట్లో కూర్చునేది ఆవిడే.

పళ్ళు బిగబట్టి దిండు విప్పాడు. పాత సెన్సర్ లాగేశాడు. కొత్తది పరిచి, దిండు మళ్ళీ బిగించాడు.

అప్పుడే కరెంటు పోయింది.

రేకుల మీద వాన మోత. అతని చేతిలో స్కానర్ తెర వెలుగొక్కటే. పాత ఆయిలు వాసన, తడిసిన సిమెంటు వాసన... వాటి మధ్య నుంచి ఇంకో వాసన. తలారా స్నానం చేసి, జుట్టు ఆరకుండానే ఆ రోజు కారెక్కిన మనిషి వాసన.

జీరో నొక్కాడు.

'సీటు ఖాళీ చేయండి.'

ఖాళీగానే ఉంది. మళ్ళీ నొక్కాడు.

'సీటు ఖాళీ చేయండి.'

బరువు చూపించే చోటికి వెళ్ళాడు. నలభై మూడు.

మెల్లగా తల తిప్పాడు. దిండు మధ్యలో లోతుగా నొక్కుకుపోయి ఉంది...

ఫోను ఎలా తీశాడో తెలీదు. "మేస్త్రీ... ఎర్ర కారు జీరో తీసుకోవట్లేదు."

"సతాయిస్తే బలవంతంగా కొట్టెయ్‌రా. 'అయినా కొనసాగించు' అని ఉంటుందిగా."

"ఎవరైనా కూర్చుని ఉంటే?"

"ఎవడు కూర్చుంటాడ్రా ఇప్పుడు! నొక్కేసి ఇంటికి పో."

బొటనవేలు ఆ మాట మీదే ఆగిపోయింది. నొక్కితే నలభై మూడు కిలోల మనిషి ఈ కారుకి మళ్ళీ ఖాళీ అవుతుంది. రేపు ముసలమ్మ కూర్చున్నా ఎవరూ లేరనే అంటుంది. పిట్ట ఈ సీట్లో రెండోసారి లేకుండా పోతుంది, ఈసారి మొగుడి చేతిమీదుగా.

డ్రైవరు సీట్లోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు. భయమే. కానీ ఆ భయం కింద ఏడాదిగా ఎండిపోయినదేదో తడి తగిలి లేచింది. పక్కన ఉంది. యంత్రమే ఒప్పుకుంది, ఉందని. ఇలాగే కారు తీసుకుని ఎటైనా వెళ్ళిపోతే?

"పిట్టా..."



షెడ్డు గుమ్మంలోంచి, కొడుకు వెంట వస్తున్న ముసలమ్మ గొంతు వినబడింది. "ఏం నాయనా, కారు బాగుచేస్తున్నావా, జోకొట్టి నిద్రపుచ్చుతున్నావా?"

"అయిపోయిందమ్మా... ఒక్క నిమిషం."

"నీ నిమిషానికి నా వయసంత ఉంది. ఒరేయ్ అబ్బాయ్, ఆ టార్చి ఇటు వెయ్యి, పడ్డానంటే మళ్ళీ నువ్వే మొయ్యాలి!"

అడుగులు దగ్గరవుతున్నాయి. అతను సీటు వైపు వంగి గుసగుసగా అన్నాడు.

"దిగవే."

నలభై మూడు.

"నీలాంటి మనిషే, చూడు. ఆవిడ కూర్చోవాలి. నువ్వు ఉన్నావని ఇది చెప్పింది కదా... నాకది చాలు. నేను నొక్కలేను పిట్టా. నువ్వే దిగాలి."

తల స్టీరింగుకి ఆనించి, చిన్నపిల్లాడిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తలుపు తెరుచుకోలేదు. కానీ దిండులో స్ప్రింగులు ఒక్కొక్కటే మూలిగాయి. చల్లటి తడి వెంట్రుకలు చెంపకి తగిలి, ఒక క్షణం అక్కడే ఆగి... వెళ్ళిపోయాయి.

తెర మీద అంకె జారింది. ముప్ఫై. పదిహేను. ఐదు.

ఆ వాసన కూడా పోయింది. కళ్ళు తుడుచుకుని జీరో నొక్కాడు.

'సీటు ఖాళీ చేయండి.'

అరకిలో కూడా లేదు. కానీ ఏదో ఉంది.

మరేదైనా మర్చిపోయాడేమోనని సీటంతా అరచేత్తో తడిమాడు. ఏమీ లేదు. దిండు పైకి లేచి సమంగా ఉంది. వీపు ఆనే మూలకి దగ్గరగా మాత్రం పిడికిలంత గుంట.

దాన్నే చూశాడు. పోస్టుమార్టం గది బయట డాక్టరు తన భుజం మీద చెయ్యి వేసి, "ఇంకొక విషయం..." అని మొదలుపెట్టి, తన ముఖం చూసి ఊరుకోవడం గుర్తొచ్చింది. తను అడగలేదు. కడుపులో నలుసు పడిన సంగతి బహుశా పిట్టకి కూడా ఇంకా తెలిసి ఉండదు.

దిగమని చెప్పబోయాడు. ఏమని చెప్తాడు? మాట అర్థమయ్యే ప్రాణం కాదు అది. ఎత్తుకుని దించాల్సిన మనిషిని ఇప్పుడే తనే పంపించేశాడు.

అటువైపు తలుపు తెరుచుకుంది. ముసలమ్మ కొడుకు భుజం పట్టుకుని, కూర్చోబోయే ముందు చేత్తో సీటు తడిమింది. ఆగిపోయింది.

"ఇక్కడింత వెచ్చగా ఉందేంటి నాయనా?"

గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇప్పుడు సీటుకి ఎవరి చెయ్యీ తగలడం లేదు.

తెర మీద అంకె పెరుగుతోంది. కిలో... రెండు... మూడు కిలోలు కాకుండానే ఆగింది.

ఆ తర్వాత, అప్పుడే ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టినట్టు, కొద్దికొద్దిగా పైకీ కిందకీ ఊగసాగింది.