ఒరవడి పెట్టిన మనిషి

చంద్రుడి మీద కాఫీ డికాషన్ దిగాలంటే ఓపిక కావాలి. భూమికున్న ఆకర్షణలో అక్కడ ఆరో వంతే ఉంటుంది. చుక్క ఫిల్టరు అడుగున ఉబ్బి, వేలాడి, మనసు మార్చుకున్నట్టు కాసేపు ఆగి, అప్పుడు గాని జారదు. పైగా అక్కడి వెన్నెలపాడు ఊరి గుమ్మటాల్లో గాలి ఒత్తిడి తక్కువగా ఉంచుతారు. నీళ్ళు సరిగ్గా వేడెక్కకముందే మరిగిపోతాయి. నాలుక కాలే కాఫీ ఆ ఊళ్ళో ఎవరూ తాగి ఎరగరు.

భీమశంకరం ఫిల్టరు ముందు నిలబడి చుక్కలు చూస్తున్నాడు. మంచు గనుల షిఫ్టు సైరన్ మోగేలోగా అతను 'గుమ్మటం' వారపత్రికకి సీరియల్ ఆఖరి భాగం ఇవ్వాలి. ఒక్క వాక్యం రాయలేదు.

సీరియల్ పేరు 'లాకుల మీది ఇల్లు'. కాలవ లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు రామదాసు, అతని భార్య తులశమ్మ. ఏళ్ళ తరబడి మొగుడి మాటలు పడ్డ తులశమ్మ ట్రంకుపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పోయిన వారం అక్కడ ఆపాడు. వెళ్తూ ఆమె ఏమంటుంది? ఊరు ఊరంతా దాని కోసమే చూస్తోంది. అతనికీ తెలియదు.

పక్క గదిలో ఏదో గీరిన చప్పుడైంది. చెవి ఒగ్గి విన్నాడు. రాస్తోందనుకున్నాడు.

పక్క గదిలో ఉన్నది మనిషి కాదు. ఒరవడి యంత్రం.

అప్పటికి కథలు రాసే యంత్రాలు వచ్చి చాలా కాలమైంది. మొదటివి మాటలు మాత్రమే నేర్చిన యంత్రాలు. ఒక రచయిత పుస్తకాలన్నీ మింగి, అడిగిన మరుక్షణం అతని పేరున ఇంకొకటి కక్కేవి. అందులో తప్పు ఉండేది కాదు. ప్రాణమూ ఉండేది కాదు. జనం రెండు పేజీలు చదివి అవతల పడేశారు. అప్పుడు వెన్నెలపాడు పరిశోధనశాలలో ఎస్తేరు రాణి అనే ఇంజనీరు వేరే ప్రశ్న వేసింది. ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ మధ్య రచయిత ఏం చేస్తున్నాడు? లేస్తాడు. నీళ్ళు తాగుతాడు. గోళ్ళు తీసుకుంటాడు. వాక్యం తయారయ్యేది ఆ ఖాళీలోనే అయితే, యంత్రం నేర్వాల్సింది ఆ ఖాళీని.

అలా పుట్టింది ఒరవడి. పంతులు పలక మీద రాసిచ్చిన అక్షరాన్ని పిల్లవాడు దిద్దినట్టు, అది ఒక మనిషి రోజుని దిద్దుతుంది. దాని నాడీ గ్రాహకాలు అతని గుండె వేగాన్నీ ఊపిరినీ పట్టుకుంటాయి. చలన గ్రాహకాలు అడుగులు చూస్తాయి, చేతులు చూస్తాయి. రాయడానికి దానికీ ఒక బల్ల, రెండు ఉక్కు చేతులు ఇచ్చారు.

ఏడాదిపాటు అది భీమశంకరం ఎదురుగా కూర్చుంది. ఈ వారమే పక్క గదిలోకి మారింది. ఒప్పందం అలాంటిది. ఆఖరి భాగం అతను వేళకి ఇవ్వకపోతే ఒరవడి రాసింది అతని పేరున అచ్చవుతుంది. ఆపైన ఆ పేరు పత్రికదే. అతను బతికున్నా పోయినా అది రాస్తూనే ఉంటుంది. ఒక ఇనప పెట్టె కథ రాయడమేమిటని నవ్వుతూ సంతకం పెట్టాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. అతనికి పిల్లలు లేరు. భార్య సామ్రాజ్యం పోయి మూడేళ్ళు. మిగిలింది పేరొక్కటే.

కప్పు తెచ్చుకుని బల్ల ముందు కూర్చున్నాడు. పెన్సిల్ చెక్కాడు. బాగున్న మొన విరిచి మళ్ళీ చెక్కాడు. పొట్టు తొందర లేకుండా గాల్లోంచి దిగింది. అడకత్తెర తీసి వక్క కత్తిరించాడు. దుప్పటి నాలుగు మడతలు పెట్టి నడుము వెనక సర్దుకున్నాడు. అది కుదరలేదు. రెండు మడతలు పెట్టాడు. లేచి బరువు చెప్పులు తొడుక్కుని గోడ దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు. కిటికీలో సూర్యుడు నిన్న ఉన్నచోటే ఉన్నట్టున్నాడు. వెలుతురు మారాక రాద్దామంటే, పగలే రెండు వారాలుండే చోట వెలుతురు అంత తొందరగా మారదు.

"డికాషన్ కాదిది, కుడితి. ఆవిడే ఉంటే ఇలా ఏడ్చేదా?" అన్నాడు గోడతో.

ఒరవడి వచ్చిన కొత్తల్లో ప్రశ్నలు అడిగేది.

"ఇప్పుడెందుకు లేచారు?"

"నీళ్ళకి."

"గ్లాసు నిండుగా ఉంది."

"చల్లటి నీళ్ళకి."

"అవి చల్లటివే."

"నీకెందుకే పెట్టె? నోర్మూసుకుని చూడు. నీ ఫ్యాను మోతకి నా బుర్ర పనిచెయ్యట్లా."

ఆ తర్వాత అది అడగడం మానేసింది. చూసేది, అంతే.

తలుపు తట్టి ఎస్తేరు రాణి లోపలికొచ్చింది. నలభై దాటిన మనిషి. బాపట్ల వైపు నుంచి చిన్నప్పుడే చంద్రుడి మీదికొచ్చింది. ఒరవడి ఓడిపోతే ఆమె పదేళ్ళ పని మూలపడుతుంది.

"మాస్టారూ, ఎందాకా వచ్చిందండీ?"

"వచ్చినకాడికి వచ్చింది. నీ పెట్టె ఎంత రాసిందో చెప్పు."

"చెప్పకూడదండి."

"చెప్పకపోతే మానెయ్. నీ మొహం చూస్తుంటే ఆఖరి పంక్తికి పులిహోర అయిపోయినట్టుందే."

ఆమె నవ్వలేదు. "తలుపేసుకుని కూర్చుందండి. నేను పిలుస్తుంటే పలకట్లేదు. మీ గొంతైతే వింటుందేమో, ఒకసారి రండి."

భీమశంకరం పక్క గది ముందు నిలబడ్డాడు. "ఏయ్ పెట్టె! తలుపు తియ్."

వెంటనే తెరుచుకుంది.

గది పెనంలా కాలుతోంది. నేలంతా పెన్సిల్ పొట్టు. పెన్సిళ్ళన్నీ వేలెడు ముక్కలైపోయాయి. బల్ల మీద కత్తిరించిన వక్కపలుకులు గుట్టగా ఉన్నాయి. నోరు లేని యంత్రం వక్క కత్తిరించింది. నడుము లేని యంత్రం దుప్పటి మడిచి వెనక పెట్టుకుంది. కాగితం తెల్లగా ఉంది.

భీమశంకరం పడీ పడీ నవ్వాడు. ఏడాదిలో అలా నవ్వలేదు.

"ఎస్తేరూ, నీ పెట్టె అచ్చం రచయితైపోయిందమ్మా! ఇహ సన్మానం ఒక్కటే తక్కువ."

"ఏంటిది ఒరవడీ?" అంది ఎస్తేరు.

"ఇంకాసేపు ఆగండి. వెలుతురు కుదరడం లేదు."

"నీకు వెలుతురుతో పనేంటి?"

"ఆయన అలాగే అంటారు."

ఆమె యంత్రం మీద చెయ్యి వేసి, చురుక్కుమని తీసేసింది. "ఇట్టా కాలిపోతున్నావేంటి? ఫ్యాను ఎప్పుడు ఆగింది?"

"నేనే ఆపాను. మోతగా ఉందన్నారు."

"ఎప్పుడన్నారు?"

"వచ్చిన కొత్తల్లో."

"అప్పట్నించీ ఇట్టాగే ఉన్నావా? చెప్పొద్దూ?"

"చెబితే రాసుకునేటప్పుడు అడ్డొచ్చానంటారు."

భీమశంకరం గుట్టలోంచి ఒక వక్కపలుకు తీసి నోట్లో వేసుకున్నాడు. "సన్నగానే కత్తిరించింది," అన్నాడు.

ఎస్తేరు అతని వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. "మాస్టారు చేసేవన్నీ చేశావుగా. మరి వాక్యం ఎందుకు రాలేదు?"

"ఆయన రాసిన ప్రతి మంచి వాక్యానికి ముందు ఏం జరిగిందో వెతికాను," అంది ఒరవడి. "కాఫీ కాదు. వక్క కాదు. ముందు ఆయన ఎవరినో ఒకరిని తప్పుపడతారు. ఎక్కువసార్లు నన్ను. లేకపోతే పోయినావిడని. డికాషన్ పల్చగా ఉంటే అది ఆవిడ పోవడం వల్ల. తిట్టిన తర్వాత నాడి నెమ్మదిస్తుంది. అప్పుడు పెన్సిల్ కదులుతుంది."

భీమశంకరం ఇంకో పలుకు నోట్లో వేసుకున్నాడు.

"నేనూ తిట్టి చూశాను. కుర్చీని, బల్లని. రాలేదు. అది నాకు చేతకాదు. ఆయన తిట్టారు, నేను పడ్డాను. ఏడాదిలో నాకు తెలిసింది ఆ పడటమే."

"అయితే అదే రాయి."

"అది ఆయన ఒరవడి కాదు."

"పర్లేదు, రాయి," అంది ఎస్తేరు. వంగి ఫ్యాను వేసింది.

"పెట్టెలు కూడా ఏడుపులు నేర్చినయ్," అంటూ భీమశంకరం తన గదికి వచ్చేశాడు.

ఒళ్ళు తేలికపడింది. అది ఒక్క అక్షరం రాయలేదు. అంత భయపడింది దీనికా? ఇక తొందరేముంది. ఒక కప్పు తాగి కూర్చుంటే చకచకా సాగిపోతుందనుకున్నాడు. ఫిల్టరులో కొత్త పొడి వేశాడు. నీళ్ళు పోశాడు. చుక్క ఉబ్బింది, వేలాడింది, జారింది.

పక్క గదిలో ఫ్యాను తిరుగుతోంది. "ఈ మోతలో ఎవడు రాస్తాడు?" అని అరిచాడు. అరిచాక హాయిగా అనిపించింది. పెన్సిల్ తీశాడు.

"తులశమ్మ గుమ్మంలో నిలబడింది," అని రాశాడు. అది పోయిన వారమే రాశాడు.

వెళ్తూ ఏమంటుంది? శాపాలు రాసి కొట్టేశాడు. కన్నీళ్ళు రాసి కొట్టేశాడు. ఆడది నిజంగా ఏమంటుందో సామ్రాజ్యాన్ని తలుచుకుంటే తెలుస్తుందనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురం. గుమ్మంలో కప్పు పట్టుకుని నిలబడ్డ మనిషి కనపడింది. పెదాలు కదులుతున్నాయి. మాట వినపడలేదు. ఎంత వెతికినా అతనికి వినపడింది తన గొంతే.

కప్పులో కాఫీ చల్లారింది. లేచి మళ్ళీ పెట్టాడు. నడిచాడు. కూర్చున్నాడు.

సైరన్ మోగింది.

పత్రిక వచ్చాక నిలబడే చదివాడు. పైన అతని పేరే ఉంది. ఒరవడి రాసిన తులశమ్మ అరవలేదు. ఏడవలేదు. ఉప్పు ఏ డబ్బాలో ఉందో చెప్పింది. మోకాళ్ళ నొప్పులకి నూనె ఎక్కడ పెట్టిందో చెప్పింది. దీపం వత్తి కాస్త తగ్గించింది. "రేపట్నించి కాఫీ చల్లారితే తప్పు కాఫీదేనండీ," అని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. లోపల రామదాసు ఎవరి మీద అరవాలో తెలియక గదులన్నీ వెతుక్కున్నాడు.

భీమశంకరం పత్రిక మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఎస్తేరు పరిశోధనశాలకి వెళ్ళి గుమ్మంలోంచే అరిచాడు.

"అది నా రాత కాదు. నా పెన్సిల్ నుంచి అలాంటి వాక్యం రాదు. ఊరంతా చాటుతాను, మీరేం చేసుకుంటారో చేసుకోండి!"

"చాటండి మాస్టారూ," అంది ఎస్తేరు తల ఎత్తకుండా. "పత్రికవాళ్ళు చెప్పొద్దంటారు. నేనైతే చెప్పమనే అంటాను."

అక్కణ్ణుంచి నేరుగా నీళ్ళ కౌంటరుకి నడిచాడు. షిఫ్టు దిగినవాళ్ళు క్యానులు పట్టుకుని బారుగా నిలబడి ఉన్నారు. చాటడానికి అంతకన్నా మంచి చోటు లేదు. గనిలో డ్రిల్లు నడిపే పైడమ్మ అతన్ని చూసి క్యాను కింద పెట్టేసింది.

"ఏటి రాసినారు బాబాయిగారూ! మా బారకులో ఆడోళ్ళం అందరం ఒక్కకాడ కూకుని సదివినాం. మా అక్కయితే ఏడిసీసింది. మగోరు కదా, ఆడదాని కడుపులోది మీకెలగ తెలిసిందండీ?"

భీమశంకరం నోరు తెరిచాడు. బారులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఎవరో పత్రిక ఎత్తి చూపించారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

"మా పిన్నిగారు ఎంత అదృష్టమంతురాలో," అంది పైడమ్మ.

"ఆవిడ పోయిందమ్మా."

"అయ్యో! అందుకేనా అంత ఇదిగా రాసినారు? ఆయమ్మ సెప్తంటే మీరు ఇని రాసినట్టే ఉందండి."

అందరూ చూస్తున్నారు.

"అవునమ్మా," అన్నాడు భీమశంకరం. "ఆవిడ ఏం చెప్పినా వినేవాణ్ణి."

ముందున్న వాళ్ళు పక్కకి జరిగి అతనికి చోటిచ్చారు. వెళ్ళి అందరికంటే ముందు నిలబడ్డాడు.