మూసిన నోళ్ల సభ

ఛైర్మన్ చనిపోయేటప్పుడు ఆయన చేతిలో మైకు ఉంది. ఆయన పడిన చప్పుడు, ఇంటర్నెట్ నియమాలు తేల్చే ఆ సభకి వచ్చిన నూట ఎనభై మందీ విన్నారు. మైకు పాడైందనుకుని ముందు వరుసలో ఒకాయన తల కూడా ఎత్తకుండా లాప్‌టాప్‌లో టైపు చేసుకుంటూ పోయాడు.

డాక్టరు గుండెపోటని రాశాడు. శవం కోటు జేబులు వెతికిన మనిషి ఆ మాట నమ్మలేదు. జేబులో నీలం సీసామూత ఒకటి దొరికింది. సభ్యులకిచ్చే నీళ్ల సీసాలకు తెల్ల మూతలు. నీలం మూతలవి అనువాదకుల గాజు బూత్‌కు మాత్రమే వెళ్తాయి.

వెతికిన మనిషి చనిపోయినాయనకు బావమరిది, ఆయన భార్యకు అన్న. వైస్ ఛైర్మన్ కూడా. సీక్రెట్ ఏజెంట్ అన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. డిపార్ట్‌మెంటులో అతన్ని గుమస్తా అనేవారు. మొహం అలాంటిది. రెండుసార్లు చూసినా గుర్తుండదు.

సోమవారం ఉదయం బ్రీఫింగ్. కిటికీ లేని గది, ఇనుప బీరువా, చప్పుడు చేసే ఫ్యాను. బల్ల వెనక అతని చీఫ్, పెద్దాయన.

"కూర్చో. మీ బావ కుర్చీ ఇక నీది. ప్రపోజల్ నలభై ఒకటి చదివావా?"

"చదివాను సార్. వెరిఫికేషన్ మెయిల్‌కి మూడు రోజుల్లో జవాబివ్వని సంస్థల ఇంటర్నెట్ అడ్రసులు లాగేసుకుని ఒక ట్రస్టుకి అప్పజెప్పాలట."

"ట్రస్టు వెనకాల?"

"పరాయి దేశపు ముఠా. ఆస్పత్రుల్లో, నీటి పంపుల దగ్గర, రైలు సిగ్నళ్ల దగ్గర అలాంటి మెయిళ్లు చూసే నాథుడుండడు. నాలుగో రోజుకి పదకొండు దేశాల అడ్రసులు వాళ్ల గుప్పిట్లో ఉంటాయి. మీట నొక్కితే అన్నీ ఆగిపోతాయి."

"శుక్రవారం పన్నెండుకి గడువు. ఆలోగా సభ కాదనకపోతే అడ్రసుల పట్టీ ఉండే రిజిస్ట్రీ సర్వర్ దానంతటదే అమలు చేస్తుంది."

"సభ కాదనదు సార్. అందరికీ కవర్లు అందాయి. స్కూలు గేటు దగ్గర వాళ్ల పిల్లల ఫొటోలు. చదువుకున్నవాళ్లు కదా, వెంటనే అర్థం చేసుకున్నారు."

"నువ్వు ఛైర్మన్‌వి. నువ్వు కాదను."

"ముఠా కూడా మీలాగే అనుకుంది. అందుకే బావని చంపింది. మా సభలో కుర్చీకి చెవులే గానీ నోరుండదు సార్. ఛైర్మన్ సొంత అభిప్రాయం చెప్పాడంటే ఆ సెషనే చెల్లదు. గడువు మాత్రం ఆగదు."

"బూత్‌లో మన మనిషి ఉందిగా?"

గుమస్తా నీలం మూత బల్ల మీద పెట్టాడు. "ఉంది. మన మనిషి మాత్రం కాదు."

పెద్దాయన ఆ మూత తీసుకుని తిప్పి చూశాడు. ఆమెను డిపార్ట్‌మెంటులోకి తెచ్చింది ఆయనే.

"లోపలేసేద్దాం."

"హాల్లో దాని జోడీ మిగిలిపోతాడు." జేబులోంచి తన కవరు తీశాడు. అందులో ఫొటో లేదు, నాలుగు ముక్కలు టైపు చేసి ఉన్నాయి. మీ చెల్లెలు మూడో వరుస. వెనక వరుసలో మా మనిషి. ప్రపోజల్ ఆపబోయారా, మా నోటి మాట రాగానే సూది దిగుతుంది.

"మీ చెల్లెల్ని ఇంట్లో ఉంచెయ్."

"ఆస్పత్రి నెట్‌వర్క్ ఇంజనీరు సార్. ఏ సభా మానలేదు. రాకపోతే వాళ్లకి అనుమానమొస్తుంది, మనిషి జారిపోతాడు."

"ఆమెకి చెప్పావా?"

"చెబితే నటించలేదు."

పెద్దాయన సొరుగులోంచి సభ చెక్కసుత్తి లాంటిదే ఒకటి తీసిచ్చాడు. "పిడి తిప్పితే నలభై సెకన్లు హాల్లో ఏ ఇయర్‌పీసూ పలకదు. మనవాళ్లకి కోడ్ వర్డ్?"

"మినిట్స్ రాశారా అని అడుగుతాను."

శుక్రవారం పదకొండున్నర. బూత్ మనిషి స్వయంగా వచ్చి గుమస్తా కోటుకి మైకు తగిలించింది. బూడిదరంగు పట్టు సూటు, మల్లెతీగ లాంటి ఒళ్లు, కత్తి లాంటి చూపు. ఆమె నడిచొస్తుంటే ఇంజనీర్లు స్క్రీన్లు మరిచిపోయేవారు.

"కుర్చీ ఎలా ఉందండీ, ఛైర్మన్‌గారూ?"

"వెచ్చగా ఉంది. ముందాయన ఇంకా పూర్తిగా లేవలేదు."

"మీ చెల్లెలుగారు కూడా వచ్చారే! పాపం, ఎంత గుండె దిటవు."

"మా ఇంట్లో అందరిదీ గట్టి గుండే. బావకే ఎందుకో పోటొచ్చింది."

ఆమె నవ్వింది. "నీళ్లు పంపమంటారా?"

"వద్దండీ. ఈరోజు నా గొంతుతో పనిలేదు."

మూడో వరుసలో చెల్లెలు. ఆమె వెనక ఒక లావుపాటి ఇంజనీరు, ఒక గడ్డం ప్రొఫెసరు, ఊలు అల్లుకుంటున్న ఒక ముసలమ్మ. ముగ్గురి చెవుల్లోనూ ఇయర్‌పీసులున్నాయి.

పదకొండూ యాభైకి ప్రపోజల్ చదవడం అయింది.

"ఎవరికైనా అభ్యంతరముంటే మైకు దగ్గరికి రండి."

మైకులు రెండూ కొంగల్లా ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. ఎవరూ రాలేదు. ఇరవయ్యేళ్లుగా భోజన విరామానికి కూడా అభ్యంతరం చెప్పే పేచీల మాస్టారు ఇవాళ తన బూట్లు చూసుకుంటున్నాడు.

"ఆన్‌లైన్‌లో?"

"ఏమీ రాలేదండీ," అంది బూత్. ఆన్‌లైన్‌లో వచ్చినవి సభకి చదివి వినిపించేది ఆమే. యాభైకి పైగా వచ్చాయని గుమస్తాకి తెలుసు. అన్నీ ఆ గొంతులోనే దిగబడ్డాయి.

పదకొండూ యాభై ఆరు.

"అయితే పాత పద్ధతిలో తేలుద్దాం. రూల్ పధ్నాలుగు. హమ్మింగ్."

మూడేళ్లుగా ఎవరూ వాడని ఆచారం అది. ఒకే కంపెనీ బాసూ, అతని కిందివాడూ పక్కపక్కన కూర్చునే సభ ఇది. చెయ్యెత్తితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే పాతకాపులు ఈ దారి పెట్టారు. లైట్లు తగ్గిస్తారు. అందరూ తలలు దించి కళ్లు మూసుకుంటారు. సరేననేవాళ్లు ఒకసారి, కాదనేవాళ్లు ఒకసారి మూసిన నోటితో మ్‌మ్ అంటారు. ఎవరన్నారో పక్కవాడికే తేలదు. ఛైర్మన్ చెవితో కొలిచి తీర్పు చెబుతాడు. ముఠా నోళ్లు కట్టించింది, చేతులు కట్టించింది. ముక్కుల సంగతి దానికి తెలియదు.

"ఛైర్మన్‌గారూ, ఇది అజెండాలో..."

"అనువాదకులు అనువదించాలండీ. మాట్లాడకూడదు."

లైట్లు తగ్గాయి. "సరేననేవాళ్లు."

ముఠా కొనితెచ్చిన జనం తికమకపడ్డారు. ఇద్దరు చప్పట్లు కొట్టబోయి మానుకున్నారు. పాతికమంది దాకా గొంతు సవరించుకున్నట్టు మూలిగారు.

"కాదనేవాళ్లు."

నిశ్శబ్దం. ఏసీ చప్పుడు. భయం బాగా కాపురముంటున్న ఇల్లు ఎలా ఉంటుందో హాలు అలా ఉంది.

అప్పుడు మూడో వరుసలోంచి లేచింది, సన్నగా, తెగకుండా. చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడు, ఇప్పుడు వైర్లు కలిపేటప్పుడు చెల్లెలు తీసే కూనిరాగమే. గుమస్తా సుత్తి పిడి తిప్పాడు. గాజు వెనక పెదవులు ఒక్క మాటకి కదిలాయి. ఆ మాట ఎక్కడికీ వెళ్లలేదు.

వెనక నుంచి రెండో గొంతు. ఎడమవైపు నుంచి మూడోది. కదిపిన తేనెపట్టులా హాలంతా మోగింది. బల్ల మీది గ్లాసులు సన్నగా వణికాయి. నూట ఎనభై తలలు వంగి ఉన్నాయి.

ఒక్క తల లేచింది. ముసలమ్మ చెయ్యి చెవి మీదకి పోయింది. హమ్మింగ్‌లో అనువదించేందుకేమీ ఉండదు. మాట కోసం కాచుకున్నవాళ్లే చెవి తడుముకుంటారు.

"మినిట్స్ రాశారా?"

కాఫీ అందిస్తున్న డిపార్ట్‌మెంటు మనిషి ట్రే కింద పడేసి ముసలమ్మ మణికట్టు విరిచి పట్టాడు. ఊలుసూది రాలింది, దాంతోపాటు తెల్ల విగ్గు రాలింది. ముసలమ్మ ముప్పై ఏళ్ల మగాడు. సూది మొన చెల్లెలి మెడకి నాలుగు వేళ్ల దూరంలో ఆగింది.

లైట్లు వెలిగాయి. పదకొండూ యాభై తొమ్మిది. బూత్‌లో ఆమె తలుపు గుంజుతోంది. బయట గడియ పడిపోయింది.

"ఇంకొక వాక్యం ఉందండీ," అన్నాడు గుమస్తా. "డ్యూటీ పూర్తిచేయండి. ప్రపోజల్ నలభై ఒకటికి ఏకాభిప్రాయం లేదు. వీగిపోయింది."

ఆమె తిరిగొచ్చి మైకు ముందు కూర్చుని, గొంతు వణక్కుండా, మూడు భాషల్లోనూ ఆ మాట చెప్పింది. సుత్తి దిగింది. పన్నెండుకి ఇంకా పదకొండు సెకన్లున్నాయి.

చెల్లెలు వేదిక దగ్గరికొచ్చింది.

"నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి."

"సోమవారం రాత్రి నా చేతి కూడు తిని వెళ్లావు."

అతను సుత్తి పిడి చూసుకున్నాడు.

"మీ బావని వాళ్లు లెక్కలోంచి తీసేశారు. నన్ను నువ్వు లెక్కలో వేసుకున్నావు. ఇద్దరూ పనిమంతులే."

మెడ తడుముకుంటూ వెళ్లి అదే సీట్లో కూర్చుంది. తర్వాత అతనితో మాట్లాడలేదు. ఆ రోజే కాదు, ఆ ఏడే కాదు.

ఫోన్ మోగింది. "శభాష్ రా," అన్నాడు పెద్దాయన. "బయల్దేరి వచ్చెయ్."

"కుదరదు సార్. అజెండాలో రెండో అంశం ఉంది."

పదకొండు దేశాల్ని కాపాడటానికి సభకి నాలుగు నిమిషాలు పట్టింది. రెండో అంశం, వచ్చే సభ ఏ ఊళ్లో పెట్టాలన్నది. సాయంత్రం ఆరు దాటినా తేలలేదు. ఒక్కడు నోరు మూస్తే ఒట్టు.