ఆరో తలకాయ

అన్యాయం జరిగింది పిల్లికి. జరిగిన రోజు పంతొమ్మిది వందల తొంభై మూడు, ఆగస్టు పదకొండు, బుధవారం.

పిల్లి అంటే పాలు తాగే పిల్లి కాదు. ఒక సినిమా స్టూడియోలో రెండో ఫ్లోర్‌లో, అంటే రెండో షూటింగ్ షెడ్డులో, లైట్లు కట్టే మనిషి. సెట్టు నెత్తిన, రెండు మేడలంత ఎత్తులో, మూరెడు వెడల్పు పలకల మీద అడుగుల చప్పుడు లేకుండా తిరిగేవాడు గనక ఆ పేరు. అసలు పేరు ఎవరికీ తెలీదు. మొహమూ తెలీదు. కిందనుంచి తలెత్తి చూస్తే కనిపించేవి రెండు అరికాళ్లు, అంతే. అరికాళ్లను బట్టి మనిషిని గుర్తుపట్టే ఓపిక సినిమావాళ్లకి ఎక్కడిది?

ఆ రోజు పైన ఒక పలక విరిగింది.

కింద ఒక షాట్‌కి సిద్ధమవుతున్నారు. కెమెరాని నేలమీద వెల్లకిలా పడుకోబెడతారు. దాని చుట్టూ అయిదుగురు నటులు గుండ్రంగా నిలబడి, తలలు వంచి లోపలికి చూస్తారు. పడిపోయినవాడు కళ్లు తెరిస్తే కనిపించే దృశ్యమన్నమాట. ఆ కెమెరా పక్కనే వచ్చి పడ్డాడు పిల్లి.

అయిదుగురూ చూశారు. గుండ్రంగా నిలబడే చూశారు. హీరోగారివి తెల్లబట్టలు, మరకలవుతాయి. తల్లి వేషం కట్టినావిడ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుంది. డాక్టరు వేషంలో ఉన్నాయన మెడలో స్టెతస్కోపుతో సహా రెండడుగులు వెనక్కేశాడు. ఒక్కళ్లంటే ఒక్కళ్లు మోకాలు వంచలేదు. చివరికి పైనుంచి ఇద్దరు లైట్‌మెన్లు దిగొచ్చి, సామాన్ల వ్యాన్‌లో వేసుకుని పోయారు.

వ్యాన్ డ్రైవరు తిరిగొచ్చి "కష్టమేనంటున్నారు" అన్నాడట. టీలు చల్లారేలోగా ఆ మాట "పోయాడు" అయి కూర్చుంది. మర్నాడు రెండు నిమిషాలు మౌనం పాటించారు. అందులో ఒక నిమిషం హీరోగారి మేకప్ సర్దడానికే పోయిందని చెప్పుకుంటారు.

అదిగో, అప్పట్నుంచీ రెండో ఫ్లోర్‌కి పేరు చెడింది.

అక్కడ కెమెరాని నేలమీద పెట్టి పైకి తిప్పారంటే... చుట్టూ అయిదుగురు నిలబడితే, బొమ్మలో ఆరు తలకాయలు పడతాయి. ఒకసారి పడింది. ఇంకోసారి పడింది. రెండుసార్లూ ప్యాకప్ చెప్పి పరిగెత్తారు. ఆ తర్వాత నేలమీద కెమెరా పెట్టే ధైర్యం ఎవడికీ లేకపోయింది.

ఇంకో సంగతి. ఏ ఫ్లోర్‌లోనైనా ఇలాంటి షాట్‌కి ముందు ఒక మనిషి నోటికి చేతులు అడ్డుపెట్టుకుని, "పైన ఎవరైనా ఉన్నారా? దిగండి" అని కేకేస్తాడు. కెమెరా పైకి చూస్తుంది కదా, ఎవడి కాలో చెయ్యో పడకుండా. రెండో ఫ్లోర్‌లో మాత్రం ఆ కేక వెయ్యరు.

వేస్తే... ఎవరైనా పలికితే?

పాతికేళ్లు దాటాక, అదే ఫ్లోర్‌లో ఇంటి పెరడు సెట్టు వేశారు. ఆ సినిమాకి కెమెరా పట్టింది ఒక ఆడది. వయసు ముప్పై ఎనిమిది దాటినా అందరూ 'కెమెరా అమ్మాయి' అనేవాళ్లు. మగవాడైతే ఆ వయసుకి 'సార్' అయిపోయి, కుర్చీ వెనక తువ్వాలు కూడా వేయించుకునేవాడు. పదిహేనేళ్లు పక్కవాళ్ల కెమెరాలు మోసి, తుడిచి, వాళ్లు తిట్టిన తిట్లు తిని, మొదటిసారి తన పేరు ఒక్కటే పడే సినిమాకి వచ్చింది.

హీరో ఎవరంటే, ఆనాటి తెల్లబట్టల ఆయనే. అప్పట్లో ముప్పై నాలుగేళ్లకి కాలేజీ కుర్రాడు. ఇప్పుడు అరవై ఏళ్లకి కాలేజీ కుర్రాడి అన్నయ్య. డబ్బు పెట్టేదీ ఆయనే. డైరెక్టరు ఆయన సొంత అల్లుడు. కథ ప్రకారం తమ్ముడు మేడమీంచి పడతాడు, పెరట్లో స్పృహ వచ్చి కళ్లు తెరుస్తాడు, చుట్టూ ఇంటిల్లిపాదీ, పైన వెన్నెల. ఆ షాట్ నేలమీంచే తీయాలని పట్టుబట్టింది కెమెరా అమ్మాయి. సినిమా మొత్తంలో ఆమె మాట చెల్లింది ఈ ఒక్కదాంట్లోనే.

అదీ ఊరికే చెల్లలేదు. ఈ రాత్రికి షాట్ వస్తే సరే, రాకపోతే రేప్పొద్దున మా పాత కెమెరామన్ వస్తాడు, నువ్వు ఇంటికెళ్లి వంట చేసుకో అని హీరోగారు నవ్వుతూనే చెప్పాడు. అలాంటి మాటలు వాళ్లెప్పుడూ నవ్వుతూనే చెబుతారు.

రాత్రయింది. ఆమె నేలమీద బోర్లా పడుకుని కెమెరా సరిచేసింది. అయిదుగురూ గుండ్రంగా నిలబడి తలలు వంచారు.

ఎదురుగా చూస్తే వేషం కనిపిస్తుంది, కిందనుంచి చూస్తే వయసు కనిపిస్తుంది. హీరోగారి గడ్డం కింద ఇంకో గడ్డం, దాని కింద చంటిపిల్లలాంటి మూడోది. విగ్గు అంచున జిగురు. వదిన వేషం కట్టినావిడ ముక్కులో ఆవిడకే తెలియని అడవి. డాక్టరు వేషగాడికి కట్టుడుపళ్లు కిందికి జారకుండా నాలుకతో తొక్కిపట్టుకోవడమే పెద్ద నటన.

"అమ్మాయ్, కెమెరా కాస్త పైకెత్తకూడదూ? అభిమానులు నన్నిలా చూసి తట్టుకోలేరు," అన్నాడు హీరోగారు.

"పడిపోయినవాడి చూపు సార్ ఇది. వాడు మంచం వేసుకుని పడడు కదా."

హీరోగారికి భయమూ ఉంది, గడ్డాల బాధా ఉంది. పిల్లి కథని సభల్లో చెప్పి, తన చేతుల్లోనే ప్రాణం పోయిందని కళ్లు తుడుచుకునేది ఆయనే. చెప్పి చెప్పి తన కథకి తనే బెదిరే దశకి వచ్చాడు. చుట్టూ చూశాడు. పైకి మాత్రం చూడలేదు.

పైకి ఎవరూ చూడలేదు. కేకా వెయ్యలేదు. అల్లుడు గుసగుసగా "స్టార్ట్" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లందరూ మానిటర్ వైపు తిరిగారు...

హీరోగారి చెవి. తల్లి వేషం కట్టినావిడ కొప్పు. ఆ రెంటి మధ్య చీకటి. ఆ చీకట్లో — మెల్లగా — ఒక బట్టతల. తెల్లగడ్డం. రెండు కళ్లు. సూటిగా కిందికి చూస్తున్నాయి.

"మావయ్యగారూ," అన్నాడు అల్లుడు. "ఆరు..."

ఆ తర్వాత ఏమైందో ఎవరికీ సరిగ్గా తెలీదు. కుర్చీలు పడ్డాయి. వదినగారు డాక్టరు వేషగాణ్ణి తోసేసింది, ఆయన పళ్లు ఎక్కడో పడ్డాయి. అల్లుడు మావగారిని వదిలేసి అందరికంటే ముందు గుమ్మం దాటాడు. ఒక్కో సినిమాలో యాభైమందిని చితక్కొట్టే హీరోగారు పెరటి తలుపుకేసి ఉరికాడు. అది సెట్టు తలుపు. అట్టమీద రంగేసిన తలుపు. ఎంత గుద్దినా అది తెరుచుకోదు.

కెమెరా అమ్మాయికీ భయం వేసింది. అబద్ధమెందుకు, పారిపోదామనే ఉంది. కానీ పారిపోతే, రేపు తన కెమెరా పట్టుకునేది పాత కెమెరామన్. దెయ్యాన్ని అయినా చూడొచ్చు గానీ, ఆ మొహం చూడ్డం తన వల్ల కాదు.

షాట్ మళ్లీ వేసుకుని చూసింది. ఒకసారి. రెండోసారి ఆ బట్టతల దగ్గర ఆపింది.

నుదుటిమీద చెమట. కణతమీంచి జారుతూ మెరుస్తున్న బొట్టు.

దెయ్యానికి ఉక్కపోస్తుందా?

పైన చందమామ ఉంది. చందమామ అంటే పెద్ద దీపం, దాని పక్కన నిమిషం నిలబడితే మాడిపోతాం. సాయంత్రం నుంచి అది వెలుగుతూనే ఉంది. ఎవరు వెలిగించారు? ఎవరు అటూ ఇటూ జరిపారు? వెన్నెల సరిపోయిందని అందరూ మెచ్చుకున్నారు గానీ, ఈ మాట ఒక్కరూ అడగలేదు. తనూ అడగలేదు.

ఆమె తలెత్తింది. పాతికేళ్లుగా ఆ ఫ్లోర్‌లో ఎవరూ వెయ్యని కేక వేసింది.

"పైన ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

అట్టతలుపు దగ్గర హీరోగారు గోడకి కరుచుకున్న బల్లి అయిపోయాడు.

"దిగండి."

పలక కిర్రుమంది. నిచ్చెన కదిలింది. చీకట్లోంచి ముందు రెండు అరికాళ్లు వచ్చాయి. ఒకటి గట్టిగా మెట్టుమీద పడుతోంది, ఇంకొకటి తడుముకుంటూ దాని వెనకే వస్తోంది. కింద నేలమీద నిలబడ్డాక చూస్తే ఒక ముసలాయన. ఒక తుంటి కిందికి, ఒకటి పైకి.

హీరోగారు చేతులు జోడించాడు. ఏ సినిమాలోనూ అంత చక్కగా జోడించలేదు. "శాంతించు. నీకేం కావాలో అడుగు. ఇస్తాను."

ముసలాయన బుర్ర గోక్కున్నాడు.

"చందమామ ఆర్పమంటారా బాబూ, ఉంచమంటారా?"

జరిగింది ఇంతే. పిల్లి పోలేదు. తుంటి విరిగి మంచాన పడ్డాడు. చూడ్డానికి తోటి లైట్‌మెన్లు వచ్చేవాళ్లు, ఇంకెవరూ రాలేదు. లేచి నిలబడి పనికొస్తే, గేటు దగ్గరే పిల్లి పోయాడు కదయ్యా, సంతాపం కూడా అయిపోయిందన్నారు. పోయినవాడికి పని ఇవ్వరు గనక కొత్తవాడిలా చేరాడు. మొహం ఎవరూ ఎరగరు. మళ్లీ పైకెక్కాడు. లైట్‌మెన్లందరికీ తెలుసు. మరి చెప్పలేదేమని తర్వాత వాళ్లని నిలదీస్తే, అడిగితే చెప్పేవాళ్లమే, ఆరో తలకాయ కనబడ్డప్పుడల్లా పెందలాడే ఇంటికి పంపేస్తున్నారు, మాకేం నష్టం అన్నారట.

"మరి ఎందుకు తొంగిచూశావు బాబాయ్?" అంది ఆమె.

"తప్పేనమ్మా. దిగమంటే దిగేవాణ్ణి, ఎవరూ పిలవరు. అంతెత్తున ఒక్కణ్ణీ కూర్చుంటే కింద గుండ్రంగా తలకాయలు... అప్పుడు నేను కిందనుంచి చూశాను కదా. పైనుంచి ఎలా ఉంటుందో అని."

అప్పటికి అందరూ ఒక్కొక్కరే తిరిగొచ్చారు. అల్లుడు ఆఖర్న వచ్చాడు. అసలు చిక్కు అప్పుడొచ్చింది. హీరోగారు ఒప్పుకోలేదు. వీడు పిల్లి కాదన్నాడు. పిల్లి తన చేతుల్లోనే పోయాడన్నాడు. వీడెవడో దొంగవెధవ, షాటు పాడుచేశాడు, ప్యాకప్ అన్నాడు. దెయ్యం ఉందంటే ఇన్నేళ్లూ నమ్మిన పెద్దమనిషి, మనిషి ఉన్నాడంటే నమ్మలేకపోయాడు. దెయ్యానికి జవాబు చెప్పనక్కర్లేదు కదా, పారిపోతే చాలు.

"రేపు పాత ఆయన వస్తాడు," అన్నాడు ఆమెతో, విగ్గు నొక్కుకుంటూ.

ఆమె గొంతు పెంచలేదు. "సరే సార్. షూటింగ్ ఆపేసినందుకు రిపోర్టులో కారణం రాయాలి కదా. దెయ్యం వచ్చిందని రాయనా, పిల్లి బతికున్నాడని రాయనా?"

చుట్టూ నలభైమంది పనివాళ్లు. నలభై ఫోన్లు. హీరోగారు ఒక్కసారి కలయజూసి, వచ్చి తన చోట నిలబడ్డాడు. మిగిలిన నలుగురూ వచ్చారు. డాక్టరుగారికి పళ్లు దొరికాయి.

ఇంకో తంటా ఉంది. ఇందాకటి షాట్‌లో అయిదుగురూ అయిదు దిక్కులు చూశారు. వట్టి కెమెరా అద్దం కేసి చూస్తే అంతే, చూపు నిలవదు. కెమెరా పక్కన ఒక తలకాయ ఉండాలి.

"బాబాయ్," అంది ఆమె నెమ్మదిగా, "ఇక్కడ కాస్త పడుకుంటావా? వీళ్లు చూడ్డానికి ఒక మనిషి కావాలి. ఇష్టం లేకపోతే నేనే పడుకుంటాను."

ముసలాయన ఆ చోటుని చూశాడు. ఆ అయిదుగురిని చూశాడు. బోసినవ్వు నవ్వాడు. "నాకు అలవాటైన చోటే కదమ్మా."

తుంటి పట్టుకుని మెల్లగా కూచుని, పడుకున్నాడు.

"పైన ఎవరైనా ఉన్నారా?" అని కేకేసింది ఆమె.

"ఎవరూ లేరు," అన్నాడు పిల్లి కిందనుంచి.

కెమెరా తిరిగింది. అయిదు తలలు వంగాయి. అయిదు జతల కళ్లు ఒక్కచోట నిలిచాయి. హీరోగారి పెదవి వణికింది. గడ్డాలు మూడూ వణికాయి. ఆయన కళ్లలోంచి ఒక బొట్టు, గ్లిజరిన్ రాయని బొట్టు, జారి ముసలాయన చెంపమీద పడింది. ముప్పై ఏళ్ల సినిమా బతుకులో ఆయన నటించింది ఆ ఒక్క నిమిషమే.

"కట్," అన్నాడు అల్లుడు, ముక్కు ఎగబీలుస్తూ.

చప్పట్లు మోగాయి. హీరోగారు చటుక్కున నిటారుగా లేచి, ఎలా పిండేశానో చూశారా అని అల్లుడి భుజం చరిచాడు. మానిటర్ ముందు కూచుని, గడ్డాలు కనపడుతున్నాయా అని మాత్రం అడిగి, పోనీలే అన్నాడు. పాత కెమెరామన్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పమన్నాడు. అమ్మాయి పర్లేదన్నాడు. తల్లీ, వదినా, డాక్టరూ ఆయన వెనకే టీకి నడిచారు.

గుండ్రం విడిపోయింది.

నేలమీద పిల్లి ఇంకా పడుకునే ఉన్నాడు. మోచేతిమీద లేవబోయాడు. తుంటి సహకరించలేదు. మళ్లీ వెనక్కి ఒరిగాడు. పక్కనుంచి వెళ్తున్న వదినగారు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దాటింది.

కెమెరా అమ్మాయి వంగి చెయ్యిచ్చింది. ఆయన బరువంతా వేసి పట్టుకుని లేచాడు. వీపు దులుపుకున్నాడు.

"అప్పుడు అసలు ఏడవలేదమ్మా. ఇప్పుడు ఏడ్చారు," అన్నాడు. "నయమే. ఇంకో పాతికేళ్లు పోతే చెయ్యి కూడా ఇస్తారు."

ఆమె సుద్దముక్క తీసుకుని క్లాప్‌బోర్డు మీద తనే రాసింది. టేక్ రెండు. ఓకే. రాత్రి. పందొమ్మిది ఫిబ్రవరి, రెండువేల పందొమ్మిది.